తొంభైమూడో పేజీ

శరభ తలుపు తట్టలేదు. తన్నాడు. గంటసేపటి నుంచి ఈ రెండు ముక్కల దగ్గరే ఆగిపోయి ఉన్నాడు జ్ఞానప్రకాశం. తన్నాక తలుపేమైందో, హార్బరు గోదాములో ఎవరు దాక్కున్నారో, లంగరు తాడుతో కట్టిపడేసిన మనిషి బతికి ఉన్నాడో లేదో అతనికి తెలుసు, ఇప్పటికి నాలుగుసార్లు చదివాడు, అయినా కళ్లు ఆ వాక్యం దాటి కిందికి దిగడం లేదు, ఎందుకంటే కింద మరక ఉంది. నల్లటి నూనె మరక, బొటనవేలంత. దాన్ని చూడకుండా ఆ పేజీ చదవడం ఈ ఇరవై రెండు రోజుల్లో అతనికి చేతకాలేదు. లోపల ఎంక్వయిరీ గదిలో టైపు మిషను టకటకా కొట్టి ఆగుతోంది, ఆగినప్పుడల్లా ఇక తన పేరే పిలుస్తారని పుస్తకం మూసేస్తున్నాడు, మళ్లీ టకటక మొదలైతే ఇంకో రెండు నిమిషాలు బతికానని తెరుస్తున్నాడు. సిగ్గులేని బతుకు, రెండేసి నిమిషాల చొప్పున. వరండా ఆ చివర బల్ల ఖాళీగా ఉన్నా గచ్చు మీద గోడకి చేరగిలబడి కూర్చున్నాడు టర్నరు నూకయ్య. టోకెన్ నంబరు నాలుగు వందల పద్ధెనిమిది, రైలు కార్ఖానాలో ఇరవై నాలుగేళ్ల సర్వీసు. మైక్రోమీటరు కాజేశాడని అతని మీద కేసు. ఇవాళ సాయంత్రానికి ఆ సర్వీసు నిలుస్తుందో ఊడుతుందో జ్ఞానప్రకాశం నోట్లో ఉంది, ఆ నోరేమో ఇరవై రెండు రోజులుగా అన్నం తినడానికి తప్ప తెరుచుకోలేదు.

శరభ అయితే ఏం చేసేవాడు? శరభ ఇలాంటి బల్ల మీద కూర్చోడు, ముందది. డిటెక్టివ్ శరభ, నెత్తిన టోపీ, పెదవి చివర సిగరెట్టు, మద్రాసు రేవులో వానలో తడుస్తూ నిలబడే మనిషి, ప్రతి పుస్తకంలోనూ కనీసం రెండుసార్లు చావుదెబ్బలు తిని, లేచి, చొక్కా దులుపుకుని, “ఇంతేనా?” అనే మనిషి. మూడు నాలుగు నెలలకో పుస్తకం, మెయిలు బండి పార్శిలులో దిగేది, స్టేషను ప్లాట్‌ఫారం మీది పుస్తకాల షాపువాడు జ్ఞానప్రకాశం కోసం విడిగా దాచి ఉంచేవాడు. ఇప్పటికి అరవై నాలుగు. భార్య ఆలిస్ వాటికి మీ రెండో సంసారం అని పేరు పెట్టింది. ట్రంకుపెట్టెలో నంబర్ల వారీగా పేర్చి, పురుగు పట్టకుండా వేపాకు వేసి, సుభాష్‌పల్లి ఇంట్లో మంచం కింద పెట్టుకున్నాడు, మొన్నమొన్నటి దాకా అరవై మూడే ఉండేవి అందులో, ఒకటి లేదు, తొమ్మిదో నంబరు, ‘పదమూడో గొడుగు’, పదహారేళ్ల కిందటిది, అచ్చులో లేదు, ఎవరి దగ్గరా లేదు. వాల్తేరులో బంధువులకి రాశాడు, బెజవాడలో చర్చి స్నేహితులకి రాశాడు, ఆ తొమ్మిదో నంబరు దొరక్కుండా చచ్చిపోతానేమోనని ఒకసారి నిజంగానే అనుకున్నాడు. మనిషికి ఎంత చిన్న దిగులు ఉండేది అప్పుడు. పది పదిహేను మంది తెలుగు కార్మికుల మధ్య, షెడ్డు వెనక పాత బాయిలరు నీడన, క్యారేజీ గిన్నెలు ముందు పెట్టుకుని కూర్చుంటే ఎంత హాయిగా ఉండేది.

భోజనాల కూత కూయగానే అక్కడికి చేరేవాళ్లు. వాళ్లలో తెలుగు చదవగలిగినవాడు అతనొక్కడే. తాతల నాడే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ బంగాళీ ఊళ్లో స్థిరపడ్డవాళ్లు, బంగాళీలో బేరాలాడతారు, హిందీలో తిట్టుకుంటారు, అంకెలు తప్ప అక్షరం రాదు, పిల్లల చదువులు హిందీలో. అచ్చులోని తెలుగు వాళ్ల చెవిన పడేది కార్ఖానా ఉన్న రోజుల్లో, అదీ జ్ఞానప్రకాశం గొంతులో శరభ మాట్లాడితేనే. అతను చదువుతుంటే ముద్ద చేతిలో ఉండిపోయేది. పిస్తోలు పేలే చోట గిన్నె మీద గరిటెతో కొట్టేవారెవరో. నూకయ్య మాత్రం తల ఒకవైపు వంచి నిమ్మళంగా నమిలేవాడు, కథ సగానికి రాగానే హంతకుణ్ణి చెప్పేసేవాడు. ఒక్కసారి తప్పితే ఒట్టు. మిగతావాళ్లు వాడి నోరు మూయమని మీద పడేవాళ్లు. “ఎలా తెలుస్తుందయ్యా నీకు?” అని ఓరోజు జ్ఞానప్రకాశమే అడిగాడు, కాస్త ఉక్రోషంగానే, చదివేది తను, కనిపెట్టేది వాడూనా అని. “ఏటుంది బాబూ, అందరూ అదీ ఇదీ వాగుతన్నారు. ఆ మేనేజరు గాడు నోరిప్పడు. ఏటీ అనకుండా కూకున్నోడే దొంగ,” అన్నాడు నూకయ్య. అందరూ నవ్వారు. జ్ఞానప్రకాశం కూడా నవ్వాడు. ఇప్పుడా నవ్వు గుర్తొస్తే చెవులు కాలిపోతున్నాయి, వరండా ఆ చివర ఆ తల ఇప్పుడూ ఒకవైపు వంగే ఉంది, కళ్లు మూసుకున్నాడో, తన వైపే చూస్తున్నాడో ఇక్కణ్ణుంచి తెలియడం లేదు, తెలుసుకోవాలనీ లేదు.

ఆ తొమ్మిదో నంబరు తెచ్చిచ్చిందీ నూకయ్యే. అది తలచుకున్నప్పుడల్లా ఎక్కడైనా తల దాచుకోవాలనిపిస్తుంది. సాలువా దగ్గరి పల్లెలో ఇల్లు నూకయ్యది, సైకిలు మీద రాకపోకలు, దారిలో ప్రేమ్ బజార్‌లో మూరీ, అదే మన మరమరాలు, కొనుక్కునే అలవాటు. అక్కడ మూరీ అమ్మే ముసలామె పాత కాగితాలతో పొట్లాలు కడుతుంటే, ఇంజనీరింగు కాలేజీలో చదువు పూర్తయిన తెలుగు కుర్రాడెవడో గది ఖాళీ చేస్తూ పడేసిన కట్టలోంచి ఒక టోపీ బొమ్మ కనిపించిందట. టోపీ, సిగరెట్టు, పక్కన తొమ్మిది అంకె. దీదీ అది నాకిచ్చెయ్ అని పొట్లం కాబోతున్న పుస్తకాన్ని ఆమె ఒళ్లోంచి లాక్కున్నంత పని చేశాడు. మర్నాడు మధ్యాహ్నం చొక్కా లోపలి నుంచి తీసి, తుడిచి, రెండు చేతులతో అందించాడు. “నువ్వెతుకుతున్నది ఇదేనా సూడు బాబూ. తొమ్మిదే కదా? సివరి కాయితాలు నాలుగు మూరీ పొట్లాలైపోనాయి. పరవానేదు, నువ్వు సదివెట్టు, దొంగెవుడో నాను సెప్తాను.” అరవై నాలుగోది సగంలో ఉంది, అది రేపటికి అయిపోతుంది, ఎల్లుండి నుంచి దీన్ని చదువుకుందాం అని అందరి ముందూ మాట ఇచ్చాడు జ్ఞానప్రకాశం. ఆ మాట భోజనాల కూత నుంచి రెండు గంటలు కూడా నిలవలేదు. పదహారేళ్లు ఆగినవాడు, రెండు రోజులు ఆగలేకపోయాడు, పెళ్లి వంటలు గాడిపొయ్యి మీద ఉండగానే ముక్క నోట్లో వేసుకునే వాడిలాగా.

టూల్ రూమ్ కిటికీ అతని రాజ్యం. గోడ నిండా మేకులు, మేకు మేకుకీ ఒక పనిముట్టు. పనివాడు వచ్చి తన నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఇస్తాడు, పనిముట్టు పట్టుకుపోతాడు, బిళ్ళ ఆ మేకుకి ఎక్కుతుంది. తెచ్చిచ్చేస్తే బిళ్ళ దిగి అతని చేతికి పోతుంది. ఇంతే విద్య. బిళ్ళ మేకున ఉందంటే పనిముట్టు వాడి దగ్గరుందన్నమాట, ఆ మాటని ఫోర్‌మనైనా, పై ఆఫీసరైనా, దేవుడైనా కాదనలేడు. పద్ధెనిమిదేళ్లుగా అతని మేకుల గోడ తప్పు చెప్పింది లేదు. ఆవేళ రిజిస్టరు మధ్యలో పుస్తకం పెట్టుకుని, శరభతో పాటు గొడుగుల కంపెనీ వాడి వెనక సముద్రపు గోడ వెంబడి పోతున్నాడు. సాయంత్రం కూతకి ఇంకో నిమిషం ఉంటుంది. పేజీ మీద నీడ పడింది. కిటికీ పలక మీద ఖణేలుమని బరువైనదేదో పెట్టిన చప్పుడు. “బాబూ, మైక్రో.” ఊ అన్నాడు. “బిళ్ళ బాబూ.” ఉండు, అన్నాడు. ఒక్క మాట, ఉండు. తల ఎత్తలేదు. ఎత్తకపోయినా ఆ గొంతు తెలుసు, ఆ చెయ్యి తెలుసు, లేతు చక్రం మీంచి ఎగిరిన ఇనప పెళ్ళ చీరేస్తే బొటనవేలి మీద ఏటవాలుగా పడ్డ గీత తెలుసు. ఆ వేలే కిటికీ ఊచల మధ్య నుంచి దూరి వచ్చి పుస్తకం మీద ఆనింది, సరిగ్గా తలుపు తన్నిన వాక్యం కింద. “ఏటి, అప్పుడే ఇంత దూరం ఎలిపోనావా? మమ్మల్నొగ్గేసి? టోపీ బాబు ఏటి సేత్తన్నాడు?” తలుపు తన్నాడు, అన్నాడు జ్ఞానప్రకాశం విసుగ్గా. అప్పుడే కూత కూసింది, గేటు వైపు కాళ్ల చప్పుడు. “సదువుకో బాబూ, సదువుకో. బిళ్ళ పొద్దున్న తీసుకుంతాను.” నవ్వుతూ వెళ్లిపోయాడు, పుస్తకం చదివేవాణ్ణి కదపకూడదని. బిళ్ళ వదిలేసి ఎవరూ ఇంటికి పోరు, ఆ కార్ఖానాలో ఎవరూ ఎన్నడూ పోలేదు. జ్ఞానప్రకాశం మీద నమ్మకంతో నూకయ్య పోయాడు. అతను పేజీ తిప్పి, ఇంకో పేజీ తిప్పి, గూర్ఖా వచ్చి తాళాలు అడిగేసరికి గబగబా రేకు తలుపు కిందికి లాగేశాడు. కిటికీ బయటి పలక మీద మైక్రోమీటరు అలాగే ఉంది, వెంట్రుక మందాన్ని కొలిచే పరికరం, మందపు బుర్రకి కనపడలేదు.

తెల్లారి అది లేదు. ఎవరు తీశారో ఈనాటికీ తెలియదు. అరవై నాలుగు పుస్తకాలు చదివిన పండితుడు, ఒక్క ఆధారం కనిపెట్టలేకపోయాడు. కనిపెట్టవలసిన అవసరమూ లేకపోయింది, ఎందుకంటే ఫోర్‌మన్ వచ్చి గోడ చూశాడు, మేకు చూశాడు, బిళ్ళ చూశాడు. నాలుగు వందల పద్ధెనిమిది తిరిగివ్వలేదన్నమాట, అన్నాడు. అప్పుడు చెప్పి ఉండవచ్చు. నోరు తెరిస్తే అయిపోయేది, రెండు ముక్కలు. కానీ రెండేళ్ల కిందట ఇలాగే పుస్తకంతో దొరికిపోతే హెచ్చరిక కాగితం ఫైలులో పడింది, ఇంకోసారి జరిగితే అని దాని చివరి వాక్యం, ఆ వాక్యం కళ్ల ముందు నిలబడింది, క్రిస్మసుకి సంఘ పెద్దగా తన పేరు చెప్పబోతున్నారన్నదీ నిలబడింది, వాటి మధ్య నుంచి నూకయ్య కనిపించలేదు. బిళ్ళ మేకుకే ఉంది సార్, అన్నాడు. అది నిజం. కాగితం ఇస్తే రాశాడు కూడా. టోకెన్ మేకు మీద ఉన్నది. పనిముట్టు తిరిగి రాలేదు. రెండు వాక్యాలూ ఒకే సిరాతో, ఒకే గుండ్రటి చేతిరాతతో, చూసినవాడికి ఏది నిజమో ఏది అబద్ధమో పోల్చుకోవడానికి లేకుండా. సంతకం ఆరకముందే కిటికీ లోంచి చెయ్యి వచ్చింది. “బిళ్ళ బాబూ,” అన్నాడు నూకయ్య నవ్వుతూ. జ్ఞానప్రకాశం తల ఎత్తలేదు. మొదటి రోజు పుస్తకంలోంచి ఎత్తలేదు, రెండో రోజు రిజిస్టరులోంచి. మొదటిది మతిమరుపు అనుకున్నా, రెండోదానికి ఏ పేరు పెట్టుకోవాలో ఆలోచిస్తే ఒక్క పేరే దొరుకుతోంది, అది పైకి అనుకోవడం లేదు.

టైపు మిషను ఆగింది. ఇప్పుడా? కాదు, కాగితం మారుస్తున్నారు. ఆనపకాయ. ఎందుకో ఆనపకాయ గుర్తొస్తోంది, లేతది, తొడిమ దగ్గర ఇంకా నూగు ఉన్నది. నూకయ్య భార్య దాలమ్మ పాదున కాసిన మొదటి కాయ కోసుకుని, సాలువా నుంచి నడిచి సుభాష్‌పల్లి వచ్చింది, అరుగు మీద కూర్చుంది, లోపలికి రమ్మంటే రాలేదు. అతను గదిలో తలుపు వెనక నిలబడ్డాడు, చంకలో పుస్తకం. “మీ బాబుగోరు ఒక్క మాట సెప్తే సాలమ్మా. మా ఆయన ఇచ్చేసినానంతన్నాడు. బాబు పన్లో ఉండి మర్సిపోనాడు, గుర్తొత్తే ఆయనే సెప్తాడు, నువ్వెల్లి ఆల్లని ఇబ్బంది పెట్టకు అన్నాడు. నాకే కాళ్లు నిలవక ఒచ్చినాను.” ఆలిస్ ఆమెకి టీ ఇచ్చింది, ఆయన రాగానే చెబుతానంది, ఆయన అప్పటికే ఇంట్లో ఉన్నాడని ఆలిస్‌కి తెలుసు, అబద్ధమాడని మనిషి చేత ఆ రోజు అబద్ధం ఆడించాడు. రాత్రి కూర వండింది. తినలేననుకున్నాడు. తిన్నాడు. కూర బాగుంది, ఇంకాస్త వేయించుకున్నాడు, అదే తనని అన్నిటికంటే చంపుతోంది. నేరం చేసినవాడికి ముద్ద దిగదని పుస్తకాల్లో రాస్తారు. శుభ్రంగా దిగుతుంది.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం నెలలో మొదటిది. చర్చిలో ప్రభువు బల్ల. తెల్లగుడ్డ తీసి, రొట్టె విరిచి, పళ్లెం వరసల వెంట పంపుతారు. సహోదరుడి పట్ల తప్పుంటే ముందు వెళ్లి వాడితో సమాధానపడి రా, అప్పుడు తిను అని పాస్టరుగారు ప్రతిసారీ చెప్పే మాటే చెప్పారు, ప్రతిసారీ జ్ఞానప్రకాశం ఆ మాట విని ఎవరి గురించో అనుకునేవాడు. పళ్లెం చేతికొచ్చింది. రొట్టె ముక్కలు చతురస్రంగా కోసి ఉన్నాయి. తీసుకోకుండా ఆలిస్ చేతికి దాటించాడు. నీళ్లగ్లాసు దాటించినట్టు మామూలుగా దాటించాలనుకున్నాడు గాని పళ్లెం అంచు ముందు బల్ల వీపుకి తగిలి మోగింది, ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగారు. ఆలిస్ రెండు రోజులాగి, వంటింట్లోంచి, అతని వైపు చూడకుండా అడిగింది. “ఏమండీ, ఎవరి దగ్గర తప్పు చేశారు?” కడుపు బాగాలేదు అన్నాడు. ఆనపకాయ కూర రెండుసార్లు వేయించుకుని తిన్నవాడు అనవలసిన మాటే. ఆ రోజు నుంచీ ఆలిస్ ట్రంకుపెట్టె తుడవడం మానేసింది, దాని మీద ధూళి సన్నగా పేరుకుంటోంది, వేలితో రాస్తే పేరు పడుతుంది.

ఈ పేజీ చింపేద్దామని కూడా అనుకున్నాడు. ఒకసారి అంచు పట్టుకున్నాడు కూడా. చివరి పేజీలు మూరీ పొట్లాలైపోయిన పుస్తకం, మధ్యలో ఇంకో పేజీ పోతే ఎవరికి లెక్క? చేతులు రాలేదు. ధైర్యం చాలక రాలేదో, పుస్తకం మీద ప్రేమతో రాలేదో, అదీ తేల్చుకోలేకపోయాడు, మంచితనం వల్ల మాత్రం కాదు. బాయిలరు నీడన చదవడం మానేశాడు, గొంతు నొప్పి అని చెప్పి. చదివితే తొంభైమూడో పేజీ వస్తుంది, వస్తే తెరిచి పట్టుకోవాలి, పక్కన కూర్చున్నవాళ్లు ఆ వేలు చూస్తారు, వాళ్లకి అక్షరాలు రావు గాని వేళ్లు తెలుసు. శరభ హంతకుల్ని వేలిముద్రలతో పట్టుకుంటాడు. అరవై నాలుగు పుస్తకాల్లో ఒక్కదాంట్లోనూ ముద్ర వేసినవాడు నిర్దోషి, ముద్ర దాచినవాడు దోషి కాలేదు. రాసేవాడికి ఆ ఊహ వచ్చి ఉండదు. ఇంత నీచమైనది ఎవరికి వస్తుంది.

“బాబూ.” ఉలిక్కిపడ్డాడు. నూకయ్య గోడ దగ్గర్నుంచే, కాస్త గొంతు పెంచి. “మూరీ పొట్లాల పుస్తకమేనా అది?”

“ఆఁ.”

“సదివేసినావా మొత్తం?”

“ఆఁ.”

“మరి దొంగెవుడంతావు?”

ఎత్తిపొడుపేమోనని ఆ ముఖంలోకి చూశాడు, ఇరవై రెండు రోజుల్లో మొదటిసారి నిండుగా చూశాడు. ఎత్తిపొడుపు లేదు. గడ్డం పెరిగింది, కళ్ల కింద నల్లబడింది, అంతే, బండి కోసం ఎదురుచూస్తూ పక్కవాణ్ణి పలకరించే మనిషి ముఖం. కావాలని అడిగాడా, కాలక్షేపానికి అడిగాడా? నోరిప్పకుండా కూకున్నోడే. వాడికి తెలియదా? ఏ పుస్తకంలో వాడికి తెలియలేదు గనక? సగంలోనే తెలిసిపోయి ఉంటుంది, తెలిసి, ఆఖరి పేజీ దాకా చదివేవాణ్ణి కదపకూడదని ఊరుకున్నాడు, ఆ రోజు బిళ్ళ కోసం పట్టుబట్టకుండా ఊరుకున్నట్టే. జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు, టైపు మిషను ఆగిపోయింది, ప్యూను ఎర్రయ్య తెర తీసి, “జ్ఞానప్రకాశం. నాలుగు వందల పద్ధెనిమిది నువ్వు కూడా రా,” అన్నాడు.

లోపల పంకా తిరుగుతోంది, బల్ల మీద కాగితాలు లేచిపోకుండా వాటి మీద ఇనప ముక్కలు. బంగాళీ ఆఫీసరు కళ్లద్దాలు సర్దుకుని ఇంగ్లీషులో అడుగుతున్నాడు, పక్కన రాసుకునే గుమాస్తా మన తెలుగువాడే, ఇటు మాటలు అటు చేరుస్తున్నాడు. టోకెన్ మేకు మీద ఉందా? ఉంది. ఇది మీ చేతిరాతేనా? అవును. పనిముట్టు తిరిగి రాలేదని రాశారు, అలాగే కదా? అలాగే అనడానికి మూడక్షరాలు చాలు. నాలుక పైకి లేచింది కూడా. పక్కన నూకయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు, కుడి బొటనవేలు మోచేతి కిందికి పోయింది, గీత కనపడటం లేదు. జ్ఞానప్రకాశం పుస్తకం బల్ల మీద పెట్టాడు. పెట్టాక తెలిసింది పెట్టానని.

“వచ్చింది సార్. ఇతను తిరిగిచ్చాడు. నేను డ్యూటీలో ఈ పుస్తకం చదువుతున్నాను. తల ఎత్తలేదు. బిళ్ళ అడిగితే ఉండమన్నాను. మైక్రోమీటరు కిటికీ బయటే వదిలేసి తలుపు వేశాను. మర్నాడే నాకన్నీ గుర్తున్నాయి, భయపడి అబద్ధం రాశాను. ఈ పుస్తకం ఆ రోజు మధ్యాహ్నమే నా చేతికొచ్చింది. ఇదిగో, తొంభైమూడో పేజీ, ఇది అతని వేలు, సాయంత్రం మైక్రోమీటరు ఇస్తూ పెట్టింది.” మాటలు తనవి కావన్నట్టు ఎక్కడో వినపడ్డాయి. గుమాస్తా కలం పరుగెత్తింది. ఆఫీసరు రెండు వేళ్లతో పుస్తకం ఎత్తాడు, అట్ట మీద టోపీని, తుపాకీని, తడిసిన చీరలో ఉన్న ఆడమనిషిని చూసి ముఖం చిట్లించాడు, తొంభైమూడో పేజీ మీద చాలాసేపు ఆగాడు, తర్వాత దాన్ని నూకయ్య వైపు తిప్పి, “నీదేనా?” అని హిందీలో అడిగాడు.

నూకయ్య వంగి చూశాడు. మరక మధ్య నుంచి ఏటవాలుగా పోతున్న తెల్లటి గీత చూశాడు, తన బొటనవేలు చూసుకున్నాడు. జ్ఞానప్రకాశం తిట్టు కోసం నిలబడ్డాడు, ఉమ్మేసినా తుడుచుకోకూడదనుకున్నాడు. నూకయ్య చెయ్యి చొక్కాకి తుడుచుకుని, ఆఫీసరుకి కాక అతనికే చెప్పాడు. “అయ్యో, పుస్తకం పాడు సేసినాను బాబూ. పదారేళ్లు ఎతుక్కున్న పుస్తకం. సేతికి నూనుంది, సూసుకోనేదు. ఏటీ అనుకోకు.”

గుమాస్తా కలం ఆగింది. ఆఫీసరుకి తెలుగు రాదు. ఇది కూడా కాగితం మీదికి ఎక్కాలా అన్నట్టు గుమాస్తా ఇద్దరి ముఖాలూ చూశాడు.

“రాయండి,” అన్నాడు జ్ఞానప్రకాశం.